పాలవాడి మనవరాలు

ఆ వానాకాలం నా మనవరాలు నవ్వడం మానేసింది.

ఎవరూ కనిపెట్టలేదు. నవ్వే పిల్ల ఒకరోజు నవ్వకపోతే నిద్ర చాల్లేదనుకుంటారు. మర్నాడూ నవ్వకపోతే పళ్ళొస్తున్నాయేమో అనుకుంటారు. అలా అనుకుంటూ ఉండగానే వానలు ముదిరాయి.

మా ఆవిడ ఉంటే కనిపెట్టేది. అంతకుముందు చలికాలంలోనే పోయింది. కూతురి కడుపు మీద చెయ్యి వేసి చూసుకుంది, బిడ్డ మొహం చూడకుండా పోయింది. ఈ విషయంలో ఎవరినీ క్షమించే ఉద్దేశం నాకు లేదు, ఆవిడతో సహా.

నాది ఊరి చివర పాలకొట్టం. రేకుల కప్పు, సిమెంటు తొట్లు, కొన్ని ఆవులు. తెల్లవారుతుండగా పాలు పితికి, క్యాన్లు మూడు చక్రాల మోటారు బండిలో వేసుకుని వీధులు తిరుగుతాను. ఉన్న ఒక్కగానొక్క కూతురు వంతెనకు అవతల, దర్జీ షాపు మీద రెండో అంతస్తులో కాపురం ఉంటోంది. అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఇద్దరూ పాలు ముట్టరు. పాలే కాదు, గుడ్డు, మాంసం, వెన్న, నెయ్యి, జంతువు నుంచి వచ్చింది ఏదైనా సరే ముట్టరు. తేనె కూడా వద్దట. తేనెటీగల సొమ్ము మనకెందుకంటారు.

పాలవాడి కూతురు పాలు తాగదని బజారంతా నవ్వింది. అల్లుడు నేర్పిన పాడు అలవాటని అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. మొదలుపెట్టింది మా అమ్మాయి, అదీ నా ఇంట్లోనే, చిన్నప్పుడే. అతను తర్వాత వచ్చి కలిశాడు.

అయినా రోజూ పాలు పోసుకుంటూ వాళ్ళ వీధికి వెళ్ళినప్పుడు చిన్న క్యాను ఒకటి వాళ్ళ గుమ్మం ముందు పెట్టేవాణ్ణి. అమ్మాయి దాన్ని కింద దర్జీకి ఇచ్చేసేది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి దానికీ తెలుసు. దర్జీ ఒక్కడే ఆ ఏడాది ఒళ్ళు చేశాడు.

ఒకరోజు నేను క్యాను దించేసరికి తలుపు తీసింది.

"మళ్ళీ పెట్టావా నాన్నా?"

"నీకు కాదు. ఇంట్లో ఇంకో మనిషుంది."

"దానికి నా పాలున్నాయి."

"నీ పాలల్లో ఏముంది? ఆకులు తిని ఇచ్చే పాలు."

"నీ ఆవులు మాత్రం మాంసం తింటున్నాయా?"

లోపలి నుంచి అల్లుడు వచ్చాడు. చొక్కా చేతుల మీద అద్దాల పొడి తెల్లగా ఉంది.

"లోపలికి రండి మామయ్యా. కాఫీ పెడతాను."

"పాలు లేని కాఫీయా?"

"బాదం పాలు పోస్తాను."

"బాదం కాయకు పొదుగెక్కడుంది అల్లుడుగారూ?"

అతను నవ్వాడు. ఏమన్నా నవ్వుతాడు, అదే నాకు ఒళ్ళు మంట. కాఫీ కోసం కాదు గానీ, పిల్ల కోసం లోపలికి వెళ్ళాను.

పిల్ల దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను నాలుక అంగిటికి కొట్టి టక్‌మని చప్పుడు చేస్తాను, ఆవులను అదిలించే చప్పుడు. వేసవిలో ఆ చప్పుడు వింటే చాలు, కాళ్ళూ చేతులూ ఆడించి కిలకిలా నవ్వేది. ఆవేళ ఎన్నిసార్లు చేసినా నా వైపు చూడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. మొహం పాలిపోయి ఉంది.

"దీనికి ఒంట్లో బాగాలేదు," అన్నాను.

"నిన్ను మర్చిపోయింది. రోజూ గుమ్మంలోంచే పోతావుగా," అంది అమ్మాయి. "టీకాకు వెళ్ళినప్పుడు తూకం చూశారు. సరిపోయిందన్నారు."

"ఆకలితో ఉంది."

"అడిగినప్పుడల్లా ఇస్తున్నాను నాన్నా."

గొంతులో అలసట ఉంది. నేను దాన్ని పొగరనుకున్నాను. మా ఇద్దరి మధ్య మాటలు నడిపే మనిషి పోయాక, ఒకరి మాట ఇంకొకరికి సరిగ్గా చేరేది కాదు. ఇదివరకు నేను కోప్పడితే మా ఆవిడ దాన్ని చల్లార్చి కూతురికి చెప్పేది. కూతురు విసుక్కుంటే ఆ విసుగు తీసేసి మిగిలింది నాకు చెప్పేది. ఇన్నాళ్ళూ నేను మా అమ్మాయితో మాట్లాడుతున్నాననుకున్నాను. నేను మాట్లాడింది ఆవిడతో.

మా అక్క పక్క వీధిలోనే ఉంటుంది. నాలుకకు పదును ఎక్కువ.

"మీ ఆవిడుంటే పిల్లను ఒళ్ళో వేసుకుని రెండు చెంచాల పాలు పట్టించి వచ్చేదిరా. నువ్వు కరెంటు బిల్లు ఇచ్చేవాడిలా గుమ్మంలో నిలబడి వస్తావు."

"ఆవిడ లేదుగా."

"లేదని నాకు తెలీదా? ఉన్నవాడివి నువ్వేం చేస్తున్నావని అడుగుతున్నా."

నేనేమీ చెయ్యలేదు. క్యాను పెట్టాను, వచ్చాను.

వాన ఆగకుండా పట్టిన రోజుల్లో ఒక లేగదూడ చచ్చిపోయింది. తేమకు పారుడు రోగం తగిలింది. తల్లి ఆవు చేపడం మానేసింది. దూడ నోరు తగలందే కొన్ని ఆవులు పాలు దించవు. పొదుగు బిగిసిపోయి రాయిలా అవుతుంది, జ్వరం వస్తుంది, ఆఖరికి ఆవే పోతుంది. అందుకని మా పనిలో ఒక పద్ధతి ఉంది. చచ్చిన దూడ తోలు వలిచి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టేస్తాం. కర్రల కాళ్ళు పెట్టి తల్లి ముందు నిలబెడతాం. ఆవు వాసన చూసి నాకుతుంది, పాలు దించుతుంది. మా నాన్న చేశాడు. నేనూ చేశాను. అది తప్పని ఇప్పటికీ అనను.

ఆవేళ గడ్డిదూడను ఆవు ముందు పెట్టి పాలు పితుకుతున్నాను. రేకుల మీద వాన హోరు. ఎవరో వచ్చిన అలికిడికి తల తిప్పితే కొట్టం గుమ్మంలో మా అమ్మాయి. పిల్లను కొంగులో చుట్టుకుని వచ్చింది. గొడుగు ఉన్నా సగం తడిసిపోయింది.

"ఇంటికెళ్ళాను. తాళం వేసి ఉంది," అంది.

వాళ్ళ అమ్మ ఉన్నప్పుడు ఆ ఇంటికి తాళం ఉండేది కాదు. దానికింకా ఆ అలవాటు పోలేదు.

"ఏమైంది?"

అమ్మాయి చూపు గడ్డిదూడ మీద పడింది. ఆవు దాని మెడ నాకుతోంది.

"ఇంకా మానలేదా ఇది?"

"ఆవు చేపాలిగా."

"చిన్నప్పుడు నేను పెంచుకున్న దూడను కూడా ఇలాగే చేశావు. నేను పొద్దున్నే లేచి వచ్చి, బతికొచ్చిందనుకుని వాటేసుకున్నాను. పొట్ట దగ్గర కుట్లలోంచి గడ్డి వచ్చింది."

"చిన్నపిల్లవి. మర్చిపోతావనుకున్నాం."

"నువ్వేమన్నావో తెలుసా? ఆవుకు తెలీదులే అన్నావు."

"తెలీదు."

"తెలుసు నాన్నా. తెలిసే నాకుతుంది."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో పాల చెంబు ఉంది. ఈ పాలే నిన్ను పెంచాయి, చదివించాయి, పెళ్ళి చేశాయి అని మొదలుపెట్టాను. ఇంకా చాలా అనేవాణ్ణి. అది కూడా తగ్గకుండా ఏదో అంటోంది. అనేటప్పుడు కొంగు సడలింది. పిల్ల తల ఒక పక్కకు వాలిపోయింది. వాలిన తల తిరిగి లేవలేదు. ఆ వయసు పిల్ల తల నిలబెట్టాలి. వేసవి చివర్లో నిలబెట్టింది కూడా, నేను చూశాను.

"పొద్దుట్నుంచీ తాగలేదు," అంది అమ్మాయి. "లేపినా లేవట్లేదు. అందుకే అమ్మ దగ్గరికి..."

అని ఆగిపోయింది.

నేను చెంబు కింద పెట్టాను. "బండి తీస్తాను," అన్నాను.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ మా ఆవిడ వయసు మనిషి. పిల్లను చేతుల్లోకి తీసుకుని కూర్చోబెట్టింది. పిల్ల ముందుకు ఒరిగిపోయింది. కళ్ళ రెప్పలు తిప్పి చూసింది, నాలుక చూసింది, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టింది. అప్పుడు మా అమ్మాయి వైపు తిరిగింది.

"పిల్లకేం పెడుతున్నారమ్మా?"

"నా పాలే. ఈమధ్యే కూరగాయలు ఉడకబెట్టి మెత్తగా చేసి పెడుతున్నా."

"నువ్వేం తింటావు?"

చెప్పింది. పప్పులు, గింజలు, ఆకుకూరలు, సోయా, పళ్ళు. అప్పజెప్పినట్టు చెప్పింది. నిజానికి అది నాకన్నా బాగా తింటుంది. నేను మా ఆవిడ పోయాక బ్రెడ్డు టీలో ముంచుకుని బతుకుతున్నాను.

"మాత్రలు?"

"ఐరన్, ఫోలిక్ వేసుకుంటున్నా."

"బి ట్వెల్వ్?"

డాక్టరమ్మ ఎదురుచూసింది.

"కాన్పు అయ్యేదాకా వేసుకున్నానండీ. తర్వాత... ఆ క్యాప్సూల్ పైతొడుగు దేంతో చేస్తారో తెలిసింది. పశువుల తోళ్ళు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురట. ఆరోజు నుంచి మానేశాను."

"మరి దానికి బదులు?"

"పచ్చపొడి ఒకటి. నీళ్ళలో పెరిగే నాచుతో చేస్తారు. అందులో ఉందని డబ్బా మీద రాశారు."

డాక్టరమ్మ కోప్పడుతుందని చూశాను. కోప్పడితే బాగుండుననిపించింది.

"నాచులో ఉండేది దాని పోలికే గానీ ఒంటికి పనికొచ్చే రకం కాదమ్మా. నువ్వు ఫోలిక్ వేసుకుంటున్నావు కాబట్టి నీ రక్తం పైకి బాగానే కనిపించి ఉంటుంది. నీ ఒంట్లో నిల్వ లేకపోతే నీ పాలల్లోనూ ఉండదు. పిల్ల నరాలకు అది కావాలి." ఆగి అంది, "పైతొడుగు లేకుండా నమిలే మాత్ర దొరుకుతుంది తల్లీ. అందులో జంతువుది ఏదీ ఉండదు. మందుల షాపులో అడగలేదా?"

"అడగలేదు," అంది అమ్మాయి.

ఇక నేను ఆగలేకపోయాను. "మొదట్నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నానండీ. పాలు పట్టమంటే వినదు. రేపట్నుంచి..."

"ఏం పాలు?"

"ఆవుపాలు."

"ఏడాది నిండని పిల్లకు ఆవుపాలు పట్టకూడదు పెద్దాయనా. తల్లిపాలే ఇవ్వాలి. తల్లికి మందిస్తే ఆ పాలు వాటంతటవే బాగుపడతాయి."

"నాకు పాలకొట్టం ఉందండీ."

"ఉండొచ్చు."

అంత చిన్న మాట నన్నెప్పుడూ అంత దెబ్బ కొట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను చేసిన పని ఒక్కటే. వీధుల వెంట పిల్లలను నా పాలతో పెంచానని చెప్పుకుని తిరిగేవాణ్ణి. నా ఇంటి పిల్లకు అందులో ఒక్క చుక్క అక్కర్లేదట.

"మరి ఆవు కూడా ఆకులే తింటుందిగా," అన్నాను. మా అమ్మాయి నన్నడిగిన మాటే అది. ఇంకే మాటా తోచలేదు.

"ఆవు దాన్ని తయారుచెయ్యదు. ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులు చేస్తాయి. మందు కంపెనీవాళ్ళు అలాంటివాటినే తొట్లలో పెంచి మాత్రలు చేస్తారు. చూసుకుని తింటే ఆకులతో, పప్పులతో తల్లీ బాగుంటుంది, పిల్లా బాగుంటుంది. ఇదొక్కటి మాత్రం ఆకులో ఉండదు. మాత్ర మానకూడదు."

నేను తప్పు. నా కూతురూ తప్పు. ఇద్దరం తప్పయినప్పుడు ఎవరి మీద అరవాలో తెలియలేదు.

రక్తం తీసుకున్నారు. తల్లికీ పిల్లకీ సూది వేశారు. పిల్ల తొడ మీద సూది దిగినప్పుడు చిన్నగా మూలిగింది, అంతే. సూది గుచ్చినా గుక్కపెట్టి ఏడవని పిల్లను చూసి, ఆవేళ నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

అల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం మీద వాన నీళ్ళు. "పూర్తిగా బాగవుతుందా అండీ?" అని డాక్టరమ్మను అడిగాడు.

"చాలామంది కోలుకుంటారు. ఎంత ముందు పట్టుకున్నామన్నది ముఖ్యం. ఇప్పుడే మాట ఇవ్వలేను బాబూ."

వరండాలో నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆరోజు నవ్వు లేదు.

"ఆ పొడి నేనే తెచ్చాను మామయ్యా."

"ఊఁ."

ఇంకేమైనా అంటానని చూశాడు. మా ఆవిడైతే వీపు మీద చెయ్యి వేసేది. నేను వాన వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత రోజుల్లో సూదుల కోసం వాళ్ళను బండిలో నేనే తీసుకెళ్ళాను. క్యాన్లు వెనక్కి జరిపి, అమ్మాయినీ పిల్లనూ ముందు నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. గుమ్మం ముందు క్యాను పెట్టడం మానేశాను. దర్జీ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "ఈమధ్య పాలు రావట్లేదేంటి పెద్దాయనా?" అన్నాడు. "ఆవులు చేపట్లేదు," అని వచ్చేశాను.

మా అక్క అడిగింది. "ఇప్పుడైనా పాలు తాగుతోందా మీ అమ్మాయి?"

"లేదు."

"ఇంత జరిగినా?"

"మాత్ర వేసుకుంటోంది. నమిలేది."

"మొండి ఘటం. ఎవరి పోలికో!" అని నన్ను ఎగాదిగా చూసింది.

సూదులు పడుతున్నాయి. ఇంటికి వెళ్ళి పడుకుంటే నాకు డాక్టరమ్మ ఇవ్వని ఆ మాటే గుర్తొచ్చేది. మా ఆవిడ ఉంటే బాగైపోతుందని నాతో అనేది. తెలియకపోయినా అనేది. అలా అనే మనిషి ఇంట్లో ఉండడం ఎంత పెద్ద సంగతో ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు. డాక్టర్ల కన్నా ఎక్కువ తెలుసా నీకు అని కసిరేవాణ్ణి. కసిరాక హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఒకరోజు ఆసుపత్రికి పోతుంటే వాన పెద్దదైంది. బండి అద్దం మీద వైపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది. పక్కకు చూశాను. తల్లి ఒళ్ళో పిల్ల తల అద్దం వైపు తిరిగి ఉంది. వైపరు ఇటు వస్తే పిల్ల కళ్ళు ఇటు వచ్చాయి. అటు పోతే అటు పోయాయి. మళ్ళీ ఇటు వచ్చాయి.

తల ఎత్తితే మా అమ్మాయి నన్నే చూస్తోంది. నేను రోడ్డు వైపు తిరిగాను. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే ఆగిపోతుందేమోనన్నట్టు. వాన తగ్గాక కూడా నేను వైపరు ఆపలేదు. పొడి అద్దం మీద అది కీచుమంటూ ఆసుపత్రి దాకా కొట్టుకుంది.

నవ్వు తిరిగొచ్చినప్పుడు నేను అక్కడ లేను. అల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, నవ్వింది!"

"ఎవర్ని చూసి?"

"ఫ్యాన్‌ని చూసి."

"మీ ఇంట్లో నవ్వదగ్గ మనిషి ఇంకెవరున్నారులే," అన్నాను. అతను గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చినట్టున్నాడు.

ఫోన్ పెట్టేసి వంటింటి వైపు తిరిగాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. లోపల గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. వెళ్ళి గడియ పెట్టి వచ్చాను.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం అమ్మాయి ఇంటికొచ్చింది. పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల తల నిలబెట్టి ఇల్లంతా కలయజూస్తోంది. కూర్చోబెడితే కూర్చుంటోంది గానీ, తోటి పిల్లల కన్నా వెనకే ఉందట. అందుకుంటుందనే డాక్టరమ్మ ఇప్పుడు అంటోందట. అమ్మాయి మొహంలో మళ్ళీ నెత్తురు కళ కనిపించింది.

ఏం పెట్టాలో తెలియలేదు. నా ఇంట్లో దానికి పనికొచ్చేవి మంచినీళ్ళూ అరటిపళ్ళే. పళ్ళు తెచ్చి ముందు పెట్టాను. ఒకటి ఒలిచి, మెత్తగా నలిపి, వేలితో పిల్లకు నాకించింది. తర్వాత గోడకు చేరగిలబడి, నాకు కొంచెం పక్కకు తిరిగి, పిల్లకు పాలివ్వడానికి కూర్చుంది. నేను లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను.

వెనక పిల్ల గుటకల చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా," అంది వెనక నుంచి. "రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చంది డాక్టరమ్మ. అమ్మ నాకు ఎన్నాళ్ళిచ్చింది?"

నా కొట్టంలో ఏ ఆవు ఏ ఈతలో ఎన్నాళ్ళు పాలిచ్చిందో అడిగితే చెబుతాను. చచ్చిపోయిన ఆవులవి కూడా చెబుతాను. దీనికి మాత్రం ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. నేను క్యాన్లతో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు, మా ఆవిడ ఆ గోడ వారగానే కూర్చుని ఉండేది. నా అడుగుల చప్పుడు విని కొంగు సర్దుకునేది. ఆ కొంగు సర్దుకోవడం గుర్తుంది. ఎండ పడిన ఆ భుజం గుర్తుంది. ఒక్కసారి ఆగి పలకరించి ఉంటే ఇంకేదైనా గుర్తుండేదేమో. పాలు విరిగిపోతాయని తొందర.

"మీ అమ్మనడుగు," అన్నాను.

నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. వచ్చేశాక వెనక్కి తీసుకోలేదు.

నేను తిరిగి చూడలేదు.

"అడుగుతాలే నాన్నా," అంది మా అమ్మాయి.